కాలేయానికి ఏది మేలు: కూరలోని పసుపా, గుళికలోని పసుపా?

హనుమకొండలో మా మందుల దుకాణానికి మొన్న వేసవిలో పరకాల వైపు నుంచి ఒక అక్క వచ్చింది. భర్తకు టీబీ అని తేలి మూడు వారాలు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు వేసుకుంటున్నాడు. ఆ మాత్రలు కాలేయాన్ని తినేస్తాయని ఊళ్లో ఎవరో అన్నారట. అన్నవారు అంతటితో ఊరుకుంటారా, విరుగుడు కూడా చెప్పారు. ఒక్కొక్కరు ఒక్కోటి. ఆమె సంచిలోంచి తిప్పతీగ చూర్ణం పొట్లం, ఉసిరి రసం సీసా, పసుపు గుళికల డబ్బా తీసి బల్ల మీద వరసగా పెట్టింది. "తమ్ముడూ, మూడూ పెట్టలేను. వీటిలో ఏది మంచిదో ఒక్కటి చెప్పు" అంది.

ఆ మూడూ నా దుకాణంలోనూ దొరుకుతాయి. నాకు లాభం ఎక్కువ మిగిలేది గుళికల మీదే. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం సులువు.

ఆమె భయం ఉత్తిది కాదు. టీబీకి ఇచ్చే నాలుగు మందుల్లో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయాన్ని ఇబ్బంది పెట్టగలవు. ఇథాంబ్యుటాల్‌తో ఆ బాధ దాదాపు లేదు. మందుల వల్ల కాలేయం దెబ్బతిన్న 1,288 మంది రోగుల వివరాలను మన దేశపు వైద్యులు పలు ఆసుపత్రుల నుంచి సేకరించి 2021లో ప్రచురించారు. వారిలో 46 శాతం మందికి కారణం టీబీ మందులు. ఆ తర్వాతి స్థానంలో ఉన్నవి ఏమిటో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు: మూలికా మందులు, నాటు మందులు, సంప్రదాయ ఔషధాలు. దాదాపు 14 శాతం. మొదటిదానికి విరుగుడని జనం కొనుక్కుంటున్నది రెండోదాన్ని!

కాబట్టి ఆమె అడిగిన ప్రశ్నను కొంచెం మార్చుకోవాలి. ఏ మొక్క మంచిది అని కాదు; ఏ రూపంలో, ఎంత మోతాదులో, ఏ మందు వాడుతున్నప్పుడు అని అడగాలి.

ఎలుకకు మేలైతే మనిషికీ మేలేనా?

నేను కాకతీయ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదివే రోజుల్లో ఎలుకల మీద ఇలాంటి ప్రయోగాలు దగ్గరగా చూశాను. పద్ధతి ఇలా ఉంటుంది. ఒక గుంపు ఎలుకలకు వారం పాటు ఆకు సారం తాగిస్తారు. మరో గుంపుకు ఉత్త నీళ్లు. తర్వాత రెండు గుంపులకూ కిలో బరువుకు 2 గ్రాముల లెక్కన పారాసిటమాల్ ఇస్తారు. ఒకటి రెండు రోజుల తర్వాత రక్తం తీసి కాలేయపు ఎంజైములు చూస్తారు; కాలేయ కణాలు దెబ్బతింటే ఇవి రక్తంలోకి కారి పెరుగుతాయి. ఆకు తాగిన ఎలుకల్లో ఎంజైములు తక్కువగా ఉంటాయి. ఉసిరి, మునగాకు, నేల ఉసిరి, పసుపు, వెల్లుల్లి, దానిమ్మ తొక్క... పెరట్లో ఉన్న ప్రతి మొక్కా ఈ పరీక్షలో నెగ్గినట్టే కనిపిస్తుంది. "కాలేయానికి రక్షణ కవచం" అంటూ ఫోన్లలో తిరిగే మాటల్లో చాలావాటికి పునాది ఇదే.

ఇందులో మూడు మెలికలున్నాయి. మొదటిది వరస. ఎలుకకు ముందు ఆకు, తర్వాత విషం. మనిషి ఆకు కోసం వెతికేది కళ్లు పచ్చబడ్డాక.

రెండోది మోతాదు. ఎలుకకు కిలో బరువుకు 400 మిల్లీగ్రాముల సారం ఇచ్చారనుకుందాం. ఎలుక లెక్కను మనిషికి మార్చేటప్పుడు ఆరో వంతుకు తగ్గిస్తారు. అలా చూసినా 60 కిలోల మనిషికి రోజుకు 4 గ్రాముల సారం కావాలి. వంద గ్రాముల ఎండుటాకు నుంచి పది గ్రాముల సారం దిగుతుందనుకుంటే రోజూ 40 గ్రాముల ఎండుటాకు. పచ్చి ఆకైతే దానికి నాలుగైదు రెట్లు. మునగాకు పప్పు నాకూ ఇష్టమే, కానీ అన్ని ఆకులు రోజూ ఎవరు తింటారు?

మూడోది అందరూ వదిలేసేది. పారాసిటమాల్ తనంతట తానుగా విషం కాదు. కాలేయంలోని ఒక ఎంజైము అందులో కొద్ది భాగాన్ని విషపు ముక్కగా మారుస్తుంది. గ్లూటథయోన్ అనే పదార్థం ఆ ముక్కను పట్టుకుని బయటికి పంపేస్తుంది. మాత్రలు మితిమీరితే గ్లూటథయోన్ నిల్వ ఖాళీ అవుతుంది, విషం కాలేయ కణాల మీద పడుతుంది. కొన్ని ఆకుల సారాలు ఆ విషాన్ని తయారుచేసే ఎంజైమునే అడ్డుకుంటాయి. ఎలుక బతికిపోతుంది, పరిశోధకుడికి సంతోషం. అదే అడ్డు మనిషిలో పడితే, ఆ ఎంజైముల మీదే ఆధారపడి ఖర్చయ్యే మూర్ఛ మందో గుండె మందో రక్తంలో పేరుకుపోవచ్చు. ఎలుక వేసుకునేది ఒకే మందు. మన ఇళ్లలో పెద్దవాళ్ల మందుల డబ్బా తెరిచి చూడండి.

పసుపు

ఇప్పుడు బల్ల మీది డబ్బాల దగ్గరికి వద్దాం. నిజామాబాద్ జిల్లా పసుపుకు ఎంత పేరో చెప్పక్కర్లేదు. జాతీయ పసుపు బోర్డు 2025లో మొదలైంది అక్కడే. పసుపు పొడిలో దాని ముఖ్య పదార్థమైన కర్కుమిన్ సుమారు 3 శాతం. ఒక చెంచా పొడి 3 గ్రాములనుకుంటే అందులో ఉండేది 90 మిల్లీగ్రాములు. అది కూడా పేగుల నుంచి రక్తంలోకి అంత తేలికగా పోదు. తరతరాలుగా మనం తిన్నది ఈ పసుపే, దానితో కాలేయం చెడిందని నేను వినలేదు.

గుళిక వేరే సరుకు. 95 శాతం శుద్ధి చేసిన కర్కుమిన్ ఒక్క గుళికలో 500 మిల్లీగ్రాములు ఉంటే, అయిదారు చెంచాల పసుపు ఒక్క గుక్కలో మింగినట్టు. పైగా చాలా గుళికల్లో మిరియాల నుంచి తీసిన పైపరిన్ కలుపుతారు. 2 గ్రాముల కర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇస్తే రక్తంలోకి చేరే కర్కుమిన్ ఇరవై రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. డబ్బా మీద దీన్ని గొప్పగా రాసుకుంటారు. అమెరికాలో మందుల వల్ల కాలేయం చెడినవారిని నమోదు చేసే వైద్యుల బృందం 2022లో పది మంది వివరాలు ప్రకటించింది. అందరికీ కారణం పసుపు ఉత్పత్తులే, ఒకరు చనిపోయారు. ఆ పది మందిలో ఎక్కువమందికి ఒకే రకం జన్యు లక్షణం ఉంది. అది మనలో ఎవరికి ఉందో ముఖం చూసి చెప్పలేం. పైపరిన్ ఇతర మందులు ఒంట్లో ఖర్చయ్యే తీరును కూడా మారుస్తుంది.

అందుచేత నా తీర్పు: కూరలో పసుపు, చారులో మిరియాలు, దగ్గుకు రాత్రిపూట పసుపు పాలు నిశ్చింతగా తీసుకోవచ్చు. మందుల కోర్సు నడుస్తుండగా పసుపు గుళికలు మాత్రం వద్దు. ఇంకో మాట. కామెర్లు వస్తే కూరలో పసుపు మానేయడం మన దగ్గర ఆచారం. కళ్లు పచ్చబడేది పాత రక్తకణాలు విరిగితే వచ్చే బిలిరుబిన్ అనే పచ్చటి పదార్థం వల్ల, పసుపు వల్ల కాదు. గుళిక మింగుతూ కూరలో పసుపు మానేసినవారిని నేను చూశాను.

తిప్పతీగ, నేల ఉసిరి, పసరు

తిప్పతీగ కథ విచిత్రమైనది. 2008లో గుజరాత్ వైద్యులు ప్రచురించిన ఒక అధ్యయనంలో టీబీ మందులతోపాటు పసుపు సారం, తిప్పతీగ సారం కలిపి ఇచ్చినవారిలో కాలేయ సమస్య బాగా తక్కువగా కనిపించింది. ఆ తర్వాత కరోనా వచ్చింది. రోగనిరోధక శక్తి పెరుగుతుందని గోడ మీది తీగను కోసి అందరూ కషాయం కాచారు. మా వీధిలోనూ కాచారు. 2021లో ముంబయి వైద్యులు ఆరుగురిలోనూ, మరుసటి ఏడు పలు నగరాల వైద్యులు కలిసి 43 మందిలోనూ తిప్పతీగ తర్వాత కాలేయం వాచినట్టు నివేదించారు. వేరే జాతి తీగతో పొరబడి ఉంటారని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. వాదన సంగతి ఎలా ఉన్నా, ఆ రోగుల్లో చాలామందికి కనిపించింది శరీరం తన కాలేయం మీద తానే దాడి చేసుకునే రకం జబ్బు. రోగనిరోధక శక్తిని రెచ్చగొడితే అది ఎటు తిరుగుతుందో ముందే చెప్పలేం. థైరాయిడ్, కీళ్లవాతం వంటి స్వీయదాడి జబ్బులు ఇంట్లో ఉన్నవారు దీని జోలికి పోకపోవడమే మంచిది. టీబీ మందులు వాడుతున్నవారికి నాది ఇంకో అభ్యంతరం: రేపు ఎంజైములు పెరిగితే మాత్రదా తీగదా తప్పు అని వైద్యుడు తేల్చుకోలేడు. అనవసరంగా మంచి మందు ఆపాల్సి వస్తుంది.

నేల ఉసిరీ ఉసిరికాయా మొక్కల లెక్కలో ఒకే కుటుంబానివే అయినా చూడటానికి పోలిక కనబడదు. ఒకటి చేలగట్ల మీద మొలిచే జానెడు మొక్క, ఇంకోటి కార్తీకంలో మనం కింద కూర్చుని భోంచేసే చెట్టు. కొట్లో అడిగేటప్పుడు ఏది కావాలో స్పష్టంగా చెప్పండి, తారుమారు కావడం నాకు తెలుసు. 1988లో మద్రాసు వైద్యులు హెపటైటిస్ బి ఉన్నవారికి నేల ఉసిరి ఇచ్చి సగానికి పైగా మందిలో వైరస్ జాడ పోయిందని ప్రకటిస్తే ప్రపంచమంతా ఇటు చూసింది. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. పైగా అది వైరస్ సంగతి, మందుల సంగతి కాదు.

ఇక పసరు. తెల్లవారుజామున పరగడుపున మూడు రోజులు పసరు, నూనె లేని ఉప్పు లేని పథ్యం. ఓరుగల్లు చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా పసరు పోసే ఇల్లు చూపిస్తారు. కొందరు చేతి మీద వాత కూడా పెడతారు. కామెర్లు తగ్గిన మనుషులు ఎదురుగా కనిపిస్తుంటే నమ్మకం కుదరకుండా ఎలా ఉంటుంది? తగ్గడం నిజమే. కలుషితమైన నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాల్లో తమంతట తామే తగ్గిపోతాయి. పేరు పసరుకు వస్తుంది. మందుల వల్ల వచ్చే కామెర్లకు ఈ లెక్క వర్తించదు. అక్కడ వైరస్ తన దారిన తాను పోతుంది. ఇక్కడ కారణాన్ని మనమే రోజూ పొద్దున్నే నీళ్లతో మింగుతున్నాం. పసరు తాగి పథ్యం చేస్తూ అదే మాత్ర వేసుకుంటూ పోతే, చేజారేవి సరిగ్గా ప్రాణం నిలబడే రోజులే. మందుల వల్ల ఎంజైములు మూడింతలు పెరగడంతోపాటు కామెర్లు కూడా వచ్చినవారిలో పది మందికి ఒకరు దక్కరని వైద్యుల అనుభవం.

ఉసిరి, కాఫీ, చెరకు రసం, ఇంకా కొన్ని

ఉసిరికాయ ఎలుకల పరీక్షల్లో బాగా నెగ్గింది. మనుషుల్లో, మందుల దెబ్బ విషయంలో, గట్టి ఆధారం లేదు. కానీ పండుగా, పచ్చడిగా తింటే నష్టమూ లేదు. సీసాలో రసం కొనేటప్పుడు చక్కెర ఎంతో చూడండి. టీబీ మాత్రలు ఖాళీ కడుపున బాగా ఒంటపడతాయి కాబట్టి రసమైనా టిఫినైనా మాత్ర వేసుకున్న కాసేపటికి తీసుకోవడం మేలు. వికారం పెడుతుంటే ఎలా వేసుకోవాలో వైద్యుణ్ణి అడగండి.

మిల్క్ థిసిల్ అనే ఐరోపా ముళ్ల మొక్క నుంచి తీసే సిలిమారిన్ మాత్రలను వైద్యులు కూడా రాస్తుంటారు. టీబీ రోగుల మీద చేసిన పరీక్షల్లో ఒకచోట మేలు, ఒకచోట ఏమీ లేదు. పెద్దగా హాని లేదు. రాస్తే వేసుకోండి, రాయకపోతే వెంటపడకండి.

కాఫీ తాగేవారిలో దీర్ఘకాలిక కాలేయ జబ్బులు తక్కువని దాదాపు 5 లక్షల మంది బ్రిటన్ వాసుల మీద చేసి 2021లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. అది కొవ్వు కాలేయం, సిరోసిస్ (కాలేయం గట్టిపడిపోవడం) వంటివాటి సంగతి. అలవాటున్నవారు చక్కెర తగ్గించి తాగండి, లేనివారు కొత్తగా మొదలుపెట్టక్కర్లేదు. గ్రీన్ టీ ఆకులు మరిగించి తాగితే ఇబ్బంది లేదు. బరువు తగ్గడానికి అమ్మే గ్రీన్ టీ సారం గుళికలు మాత్రం కాలేయాన్ని చెడగొట్టినవాటి జాబితాలో ఎప్పటినుంచో ఉన్నాయి. కామెర్లకు చెరకు రసం మంచిదంటారు. శక్తినిస్తుంది, అంతే. అందులో వేసే ఐసు ఏ నీటిదో తెలియకపోతే కామెర్లను కొని తెచ్చుకున్నట్టే. కొలెస్ట్రాల్ మాత్రలు వేసుకునేవారు పంపరపనస తగ్గించుకోవాలి. ఆ జాతి పండ్లు కొన్ని మాత్రల మోతాదును ఒంట్లో పెంచేస్తాయి.

గుడ్డు, పప్పు

ఇన్నింటిలో నాకు అన్నిటికంటే నమ్మకమున్నది ఎవరూ డబ్బాలో పెట్టి అమ్మనిది. ఇందాక చెప్పిన గ్లూటథయోన్‌ను కాలేయం మాంసకృత్తుల ముక్కలతో తయారుచేసుకుంటుంది. అందులో కొరతపడేది సిస్టీన్. గుడ్లు, పాలు, చేపలు, కోడిమాంసం, పప్పులు దాన్ని అందిస్తాయి. పారాసిటమాల్ విషమెక్కినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు ఎన్-అసిటైల్ సిస్టీన్ కూడా ఈ సిస్టీన్‌కు మరో రూపమే. పస్తులుంటే ఆ నిల్వ పడిపోతుంది. జ్వరమని మూడు రోజులు ఏమీ తినకుండా పారాసిటమాల్ మాత్రలు మింగేవారికి ప్రమాదం ఎక్కువగా ఉండేది అందుకే. బక్కచిక్కిన మనిషిలో టీబీ మందులు కాలేయాన్ని దెబ్బతీసే అవకాశం ఎక్కువని కూడా తెలుసు. పథ్యం పేరుతో ఉప్పులేని గంజి మాత్రమే పోయడం సరిగ్గా వ్యతిరేక దిశలో నడవడం.

టీబీ రోగికి ఆహారం కోసం కేంద్రం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. ఆ డబ్బు పసుపు గుళికలకు పోతే భోజనానికి మిగలదు. గుడ్లకు పోతే రోజుకు రెండు మూడైనా వస్తాయి. జొన్న రొట్టె, పెసరపప్పు, గుడ్డు, మజ్జిగ, ఏదో ఒక ఆకుకూర: మా అమ్మ వండే మామూలు భోజనమే ఇది. రోగి ముందు కాస్త ఎక్కువగా పెట్టాలి, అంతే తేడా.

ఆహారం ఎంత చేసినా రక్తపరీక్ష పని అది చేయలేదు. మందులు మొదలుపెట్టే ముందు ఒకసారి కాలేయ పరీక్ష చేయించుకుంటే తర్వాతి అంకెలను దేనితో పోల్చాలో తెలుస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇది ఉచితం. వయసు పైబడినవారు, మద్యం అలవాటున్నవారు, గర్భిణులు, హెపటైటిస్ బి లేదా సి ఉన్నవారు మధ్యలోనూ చేయించుకోవాలి. అన్నం సయించకపోవడం, వాంతులు, మూత్రం చిక్కటి టీ రంగులో రావడం, ఒళ్లంతా దురద, కళ్లు పచ్చబడటం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. లక్షణాలుండి ఎంజైములు మామూలు కంటే మూడింతలు దాటినా, లక్షణాలు లేకుండా అయిదింతలు దాటినా మందులు ఆపి, తగ్గాక ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెడతారు. ఆ పని వైద్యుడిది. ఎవరికివారు మానేసి ఇంట్లో కూర్చుంటే టీబీ మొండిదవుతుంది. పారాసిటమాల్ ఎక్కువ మింగారని తెలిస్తే, మనిషి బాగానే ఉన్నట్టు కనిపించినా సరే, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. మొదటి రోజు ఏ బాధా తెలియకపోవచ్చు. విరుగుడు 8 గంటల్లోపు పడితే కాలేయం దాదాపుగా దక్కుతుంది. అక్కడ పసరుకు, ఉసిరికి, మజ్జిగకు పని లేదు.

ఆ అక్కకు ఇంత వివరంగా చెప్పలేదు. ఉసిరి రసం ఉంచుకోమన్నాను, పసుపు గుళికలు కొన్నచోటే వాపసు ఇవ్వమన్నాను, తిప్పతీగ పొట్లం కోర్సు అయ్యేదాకా విప్పొద్దన్నాను. రోజుకు రెండు గుడ్లు పెట్టమన్నాను. చివరికి కల్లు సంగతి అడిగాను. మద్యం ఏ రూపంలో ఉన్నా ఐసోనియాజిడ్‌తో కలిస్తే కాలేయానికి ప్రమాదం పెరుగుతుంది. చెట్టు నుంచి దిగినంత మాత్రాన కల్లుకు మినహాయింపు లేదు. అందులో మత్తు మందులు కలిపేవారున్నారని వేరే చెప్పాలా? ఆమె నవ్వింది. "నేను చెబితే వినడు, వెంటబెట్టుకొస్తా, నువ్వే చెప్పు" అంది.

వారం తిరక్కుండానే తీసుకొచ్చింది. అతను బెంచీ మీద కూర్చుని అంతా విన్నాడు, తల ఊపాడు, చివరికి ఒక్క ప్రశ్న అడిగాడు: "మరి నీరా తాగొచ్చా? అది కల్లు కాదు కదా."

కాదు. పులియకముందు నీరాలో మద్యం ఉండదు. కాకపోతే తెల్లవారకముందు దించి, దించిన వెంటనే చల్లబరిచి, చల్లగానే ఉంచాలి. ఎండ తగిలితే గంటల్లో పులుస్తుంది. మీ ఊళ్లో చెట్టు దగ్గర ఐసుపెట్టె ఉందా అని అడిగాను. ఆమె అతని వైపు చూసింది, అతను మా గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు.